ఒహాయో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రెటర్నిటీలు పుట్టిన చోట్లు: ఏం చూడాలి, వెనక కథేంటి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదండి: అబ్బాయికి మయామి యూనివర్సిటీలో సీటొచ్చింది, ఆగస్టులో దింపడానికి మీరిద్దరూ విజయవాడ నుంచి వస్తున్నారు, వాడేమో ఇంకా చేరకముందే సిగ్మా కై అనే ఫ్రెటర్నిటీలో (అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో కుర్రాళ్ళు నడుపుకునే సభ్యుల సంఘాల్ని ఫ్రెటర్నిటీలంటారు) చేరతానని ఒకటే పాట, ఆ ఫ్రెటర్నిటీ మొదలైన గది ఆ ఊళ్ళోనే ఉందట, అది వెళ్ళి చూడదగ్గదేనా, అసలు అంత చిన్న ఊళ్ళో అన్ని ఫ్రెటర్నిటీలు ఎందుకు పుట్టాయి, వీడు చేరితే భయపడాలా అని. నేను సిన్సినాటి దగ్గర చాలా ఏళ్ళుగా ఉంటున్నా, మా పిల్లలు అక్కడే చదువుకున్నారు, మనవాళ్ళు ఎవరి పిల్లలు చేరినా ఆ ఊరు తిప్పి చూపించేది ఎక్కువగా నేనే. ఆ కథలంటే నాకు మొదట్నుంచీ ఇష్టం కాబట్టి దొరికిందల్లా చదివాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, టైమ్ ఉన్నప్పుడు తీరిగ్గా చదువుకోండి.

చూడదగ్గదే. కానీ కథ తెలియకుండా వెళ్తే మాత్రం మీకు కనిపించేది షాపుల వీధిలో ఒక మేడ మీద గది, అంతే, పది నిమిషాల్లో ఫొటో తీసుకుని వచ్చేస్తారు. అక్కడ ఏం గొడవ జరిగిందో తెలిస్తే ఆ ఊళ్ళో ఒక పూట ఇట్టే గడిచిపోతుంది, పైగా మీ అబ్బాయితో ఫ్రెటర్నిటీ గురించి మాట్లాడటానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

ముందు ఊరి సంగతి. మయామి అనగానే అందరూ ఫ్లోరిడా అనుకుంటారు, మీ చుట్టాలు కూడా అలాగే అనుకుని ఉంటారు. ఇది మయామి అనే ఆదివాసీ తెగ పేరు మీద ఒహాయోలో పెట్టిన కాలేజీ, చార్టర్, అంటే స్థాపనకి సర్కారు పత్రం, వచ్చింది 1809లో, ఫ్లోరిడా అమెరికాలో రాష్ట్రమైందే 1845లో. క్లాసులు మొదలైంది 1824లో. ఊరు ముందు ఉండి కాలేజీ తర్వాత రాలేదు, కాలేజీ కోసమని అడవి కొట్టి ఊరేశారు, దానికి ఇంగ్లండ్‌లో ఉన్న యూనివర్సిటీ ఊరి పేరే పెట్టుకున్నారు, ఆక్స్‌ఫర్డ్ అని. సిన్సినాటికి వాయవ్యంగా 35 మైళ్ళు. ఇప్పుడు కార్లో గంట లోపే కానీ ఆ రోజుల్లో బురద దారిలో బండి మీద రోజంతా పట్టేది. 1839 నాటికి అక్కడ 250 మంది స్టూడెంట్లు, అప్పటి లెక్కలో దేశంలోనే పెద్ద కాలేజీల్లో ఒకటి.

మరి ఈ 250 మంది కుర్రాళ్ళు సాయంత్రం పూట ఏం చేసేవాళ్ళు? సినిమాల్లేవు, ఇప్పటిలా కాలేజీ ఆటల టీముల్లేవు, చదువంతా లాటిన్, గ్రీకు, లెక్కలు, ప్రార్థన. పాఠాలు చెప్పేవాళ్ళలో చాలామంది ప్రెస్బిటేరియన్ అనే క్రైస్తవ శాఖ పాస్టర్లు, క్రమశిక్షణ గట్టిది. కుర్రాళ్ళకి సొంతమని చెప్పుకోవడానికి ఉన్నవి లిటరరీ సొసైటీలు ఒక్కటే. మయామిలో రెండు ఉండేవి, ఎరోడెల్ఫియన్ ఒకటి, యూనియన్ లిటరరీ సొసైటీ ఒకటి, రెండూ 1825 నాటివి. డిబేట్లు, వ్యాసాలు, కవిత్వం చదవడం, ఎవరి లైబ్రరీ వాళ్ళది, ఎవరి హాలు వాళ్ళది, పదవులకి ఎలక్షన్లు. మన దగ్గర కాలేజీ యూనియన్ ఎలక్షన్లు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, పదవి చిన్నదైనా పంతం పెద్దది. ఈ లిటరరీ సొసైటీల సంగతి గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మయామిలో పుట్టిన మొదటి మూడు ఫ్రెటర్నిటీల కథలు వీటి చుట్టూ, కాలేజీ పెద్దలతో వచ్చిన గొడవల చుట్టూ తిరుగుతాయి.

ఫ్రెటర్నిటీ అనేది మయామిలో కనిపెట్టింది కాదండి. గ్రీకు అక్షరాల సంఘం అనేది 1776లో వర్జీనియాలో ఫై బీటా కప్పాతో వచ్చింది, ఇప్పుడు మనం చూసే తరహా ఫ్రెటర్నిటీలు న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో 1825 నుంచి మొదలయ్యాయి. 1830లలో ఆల్ఫా డెల్టా ఫై అనేది తూర్పు నుంచి కొండలు దాటి మయామికి వచ్చింది. వచ్చీ రాగానే లిటరరీ సొసైటీల్లో చిచ్చు పెట్టింది. బయటికి చెప్పుకోని ఒక గుంపు లోపల లోపల ఒక మాట మీద ఉండి ఓట్లేస్తుంటే మిగతావాళ్ళకి ఒళ్ళు మండదా మరి. దానికి జవాబుగా జాన్ రైలీ నాక్స్ అనే కుర్రాడు ఇంకో ఏడుగురిని కలుపుకుని 1839 ఆగస్టు 8 రాత్రి తొమ్మిది గంటలకి యూనియన్ సొసైటీ హాల్లో బీటా థీటా పై పెట్టాడు. ఎనిమిదో నెల, ఎనిమిదో తేదీ, ఎనిమిది మంది, ఆ ఫ్రెటర్నిటీ వాళ్ళు ఇప్పటికీ దీన్ని ముచ్చటగా చెప్పుకుంటారు. గుంపు రాజకీయం నచ్చక పెట్టింది కూడా ఇంకో గుంపే అయింది, ఇదే ఆ ఊళ్ళో మళ్ళీ మళ్ళీ జరిగింది.

రెండోది ఫై డెల్టా థీటా, దాని వెనకాల మంచు తిరుగుబాటు ఉంది. 1848 జనవరిలో బాగా మంచు పడింది, ఒక రాత్రి కుర్రాళ్ళు పెద్ద పెద్ద మంచు ఉండలు దొర్లించుకొచ్చి కాలేజీ మెయిన్ బిల్డింగ్ గుమ్మాల్లో కుక్కేశారు, పొద్దున లోపలికి ఎవరూ వెళ్ళలేకపోయారు. అప్పటి కాలేజీ ప్రెసిడెంట్ ఎరాస్మస్ మెక్‌మాస్టర్ చాలా కఠినమైన మనిషి, చేసినవాళ్ళని వదిలేది లేదన్నాడు. అనేసరికి మర్నాటి రాత్రి ఇంకా గట్టిగా చేశారు, ఈసారి మంచుతో పాటు బెంచీలు, కట్టెలు, దొరికిన సామానంతా గుమ్మాలకి అడ్డం పెట్టి బిగించారు. రోజుల తరబడి క్లాసుల్లేవు. తర్వాత విచారణలు, చాలామందిని పంపేశారు, కొంతమంది వాళ్ళే వెళ్ళిపోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆల్ఫా డెల్టా ఫై, బీటా థీటా పై వాళ్ళే, దాంతో ఆ రెండు సంఘాల చాప్టర్లూ, అంటే ఆ కాలేజీలో ఉన్న వాటి శాఖలు, అక్కడ మూతపడ్డాయి.

అలా ఫ్రెటర్నిటీ అన్నదే మిగలని కాలేజీలో అదే ఏడాది చివర, క్రిస్మస్ మర్నాడు, 1848 డిసెంబరు 26న, సెలవులకి ఇంటికెళ్ళకుండా ఉండిపోయిన ఆరుగురు ఓల్డ్ నార్త్ అనే హాస్టల్లో జాన్ విల్సన్ గదిలో కూర్చుని ఫై డెల్టా థీటా పెట్టారు. ఆలోచన రాబర్ట్ మారిసన్‌ది. నాలుగు రోజుల తర్వాత అదే గదిలో వాళ్ళ ఒప్పంద పత్రం మీద సంతకాలు చేశారు. ఆ ఓల్డ్ నార్త్ ఇప్పుడు ఎలియట్ హాల్, 1825లో కట్టింది, ఇప్పటికీ పిల్లలు ఉంటున్న హాస్టలే. అంత పాత బిల్డింగ్‌లో ఇప్పటికీ కుర్రాళ్ళు పరుపులు మోసుకుంటూ దిగుతుంటే చూడటం నాకైతే చాలా బాగుంటుంది. తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన బెంజమిన్ హారిసన్ ఈ చాప్టర్ మనిషే, 1852లో మయామిలో డిగ్రీ తీసుకున్నాడు. చంద్రుడి మీద అడుగు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పర్డ్యూలో చదివేటప్పుడు ఇందులోనే చేరాడు, చంద్రుడి మీదకి వెళ్ళేటప్పుడు ఫై డెల్టా థీటా సభ్యులు కోటుకి పెట్టుకునే పిన్ను కూడా వెంట తీసుకెళ్ళాడు.

ఇక మీ అబ్బాయి చెప్పే సిగ్మా కై. ఇది కొంచెం వివరంగా చెప్తాను.

1854 నాటికి మయామిలో డెల్టా కప్పా ఎప్సిలన్ అని ఇంకో ఫ్రెటర్నిటీ చాప్టర్ ఉండేది, అది పుట్టింది యేల్‌లో. ఇక్కడ మొత్తం పన్నెండు మంది. ఆ చలికాలం ముందు ఎరోడెల్ఫియన్ సొసైటీలో కవి పదవికి ఎలక్షన్ వచ్చింది. వీళ్ళలో ఒకతను నిలబడ్డాడు. మనవాడు నిలబడ్డాడు కాబట్టి మనమంతా వాడికే వెయ్యాలి అని సగం మంది. వాడికంటే బాగా రాసేవాడు బయట ఉన్నాడు, వాడు మన ఫ్రెటర్నిటీ కాకపోయినా సరే అర్హత ఉన్నవాడికే వేస్తాం అని మిగతా వాళ్ళు. ఆ సొసైటీలో ఓటున్న నలుగురు, బెంజమిన్ పయట్ రంకల్, జేమ్స్ పార్క్స్ కాల్డ్‌వెల్, ఐజాక్ జోర్డన్, ఫ్రాంక్లిన్ స్కోబీ, మనవాడని వాడికి ఓటు వెయ్యం అని తెగేసి చెప్పారు. థామస్ బెల్, డేనియల్ కూపర్ అనే ఇంకో ఇద్దరు ఆ సొసైటీలో సభ్యులే కాదు, అయినా మీరు చేసింది కరెక్టే అని వాళ్ళ పక్కన నిలబడ్డారు. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు. అటు వైపు పెద్ద వైట్‌లా రీడ్, ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

నెలలు గడిచాయి కానీ గొడవ చల్లారలేదు. 1855 ఫిబ్రవరిలో ఈ ఆరుగురే సర్దుకుపోదామని విందు ఏర్పాటు చేసి అవతలి ఆరుగురినీ పిలిచారు. బల్ల వేసి, వంటలు పెట్టి ఎదురుచూస్తుంటే వచ్చింది రీడ్ ఒక్కడే, వెంట మైనర్ మిల్లికిన్ అనే పాత స్టూడెంట్‌ని తీసుకొచ్చాడు. మిల్లికిన్ వచ్చి కూర్చుని తీర్పు చెప్పాడు: తప్పంతా మీదే, దీనికి మూలమైన ఇద్దరిని సంఘంలోంచి తీసేస్తాం, మిగతా వాళ్ళు మందలింపు పడి ఉండొచ్చు అని. రంకల్ లేచాడు, కోటు మీదున్న ఫ్రెటర్నిటీ పిన్ను పీకి బల్ల మీదకి విసిరేశాడు, నేను ఎవరి చేతిలోనో పనిముట్టుగా ఉండటానికి ఇందులో చేరలేదు అన్నట్టుగా ఒక మాట అని బయటికి నడిచాడు. మిగతా ఐదుగురూ వెనకాలే వెళ్ళారు. యేల్‌లో ఉన్న పెద్ద చాప్టర్‌కి ఉత్తరాలు నడిచాక ఆరుగురినీ బహిష్కరించారు.

ఆ ఆరుగురికి న్యూయార్క్ నుంచి వచ్చిన విలియం లాక్‌వుడ్ కలిశాడు. ఇతను ఏ ఫ్రెటర్నిటీలోనూ లేడు, మిగతావాళ్ళలాగా ఆవేశం మనిషి కాదు, వ్యాపారం లెక్కలు తెలిసినవాడు. సంఘాన్ని కాగితం మీద నిలబెట్టిన మనిషి లాక్‌వుడ్ అని ఆ ఫ్రెటర్నిటీ వాళ్ళే చెప్తారు. 1855 జూన్ 28న ఈ ఏడుగురూ ఊరి చౌక్ దగ్గర హై స్ట్రీట్ మీదున్న ఒక బిల్డింగ్‌లో రెండో అంతస్తు గదిలో కొత్త ఫ్రెటర్నిటీ పెట్టారు. మీరు చూడబోయే గది అదే. మొదట పెట్టిన పేరు సిగ్మా ఫై. 1856 జనవరిలో లాక్‌వుడ్ గదిలో దొంగతనం జరిగింది, పోయింది డబ్బు కాదు, సంఘం నియమావళి, సీలు, రహస్య కాగితాలు. దాంతో అన్నీ మళ్ళీ రాసుకుని పేరు కూడా సిగ్మా కై అని మార్చేసుకున్నారు. ఆ పాత పేరుతో తూర్పున అప్పటికే వేరే ఫ్రెటర్నిటీ ఉంది, కాబట్టి ఎప్పటికైనా మార్చాల్సి వచ్చేదే అని నా అభిప్రాయం.

ఆ ఏడుగురిలో కాల్డ్‌వెల్ మరీ చిన్నవాడు, కాలేజీలో చేరేటప్పటికి ఇంకా మన లెక్కలో హైస్కూల్ వయసు. కూపర్ అందరికంటే పెద్ద, తర్వాత పాస్టర్ అయ్యాడు. జోర్డన్ సిన్సినాటి నుంచి కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు, 1890లో లిఫ్ట్ గోతిలో పడి చనిపోయాడు. ఆరేళ్ళు తిరక్కుండానే అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య సివిల్ వార్ వచ్చింది, రంకల్, లాక్‌వుడ్, బెల్ ఉత్తరం వైపు, కాల్డ్‌వెల్ దక్షిణం వైపు. ఒక గదిలో కూర్చుని సంతకాలు పెట్టినవాళ్ళు రెండు సైన్యాల్లో ఉన్నారు.

1862 ఏప్రిల్‌లో షైలో యుద్ధంలో రంకల్‌కి ఘోరంగా దెబ్బ తగిలింది, చచ్చిపోయాడనుకుని అక్కడే వదిలేశారు. ఆ యుద్ధం గురించి సిన్సినాటి పత్రికకి వార్తలు రాస్తున్న విలేకరి ఎవరో తెలుసా, వైట్‌లా రీడ్. ఆ విందులో ఎదురుగా కూర్చుని వీళ్ళని బయటికి పంపే తీర్పు తెచ్చినవాడు. రంకల్ పోయాడనుకుని రీడ్ అతని ధైర్యాన్ని మెచ్చుకుంటూ గొప్పగా నివాళి రాశాడు. రంకల్ బతికాడు, చాలా ఏళ్ళు బతికాడు, 1916లో పోయాడు, ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి ఉంది. నేను ఆ గది కింద నిలబడి ఎవరికైనా చెప్పేది ముందు ఈ కథే, ఎందుకంటే ఓటు గొడవ ఎంత చిన్నదో, వాళ్ళ మధ్య మిగిలిన గౌరవం ఎంత పెద్దదో ఈ ఒక్క విషయంలో తెలుస్తుంది. రీడ్ తర్వాత న్యూయార్క్ ట్రిబ్యూన్ ఎడిటర్ అయ్యాడు, 1892 ఎన్నికల్లో బెంజమిన్ హారిసన్ ప్రెసిడెంట్‌కి రెండోసారి పోటీ చేస్తే వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థి రీడే, ఇద్దరూ ఈ చిన్న ఊరి కాలేజీ వాళ్ళు, ఆ ఎన్నికలో ఓడిపోయారు.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా అట్లాంటాలో ఉంటే ఒక మాట, ఇదే ఫ్రెటర్నిటీకి సంబంధించిన ఇంకో చోటు మీ దగ్గర ఉంది. 1864 సెప్టెంబరులో దక్షిణ సైన్యంలో ఉన్న హారీ సెయింట్ జాన్ డిక్సన్ అనే సిగ్మా కై మనిషి, యుద్ధంలో అంతా చెల్లాచెదురైపోతుంటే కనీసం ఈ సంఘం మిగలాలని దొరికిన సభ్యుల్ని పోగుచేసి సైనిక శిబిరంలోనే ఒక చాప్టర్ పెట్టాడు, కాన్‌స్టాంటైన్ చాప్టర్ అంటారు. దాని గుర్తుగా క్లేటన్ కౌంటీలో 1939లో స్మారకం కట్టారు.

సరే, ఇప్పుడు మీరు వచ్చినప్పుడు ఏం కనిపిస్తుందో చెప్తాను. హై స్ట్రీట్ అంటే ఆ ఊరికి మెయిన్ రోడ్డు, ఎర్ర ఇటుకలు పరిచిన రోడ్డు, రెండు వైపులా తిండి షాపులు, పిల్లల బట్టల షాపులు. సిగ్మా కై పుట్టిన బిల్డింగ్ ఆ షాపుల వరసలోనే ఉంటుంది, పైగదిని ఫ్రెటర్నిటీ వాళ్ళు తమ చేతిలోకి తెచ్చుకుని ఆ కాలం తీరులో సర్ది కాపాడుకుంటున్నారు. మన గుళ్ళలాగా ఎప్పుడు పడితే అప్పుడు తలుపు తీసి ఉండదు, లోపల చూడాలంటే ముందే వాళ్ళ హెడ్‌క్వార్టర్స్‌కి ఈమెయిల్ పెట్టి అడగండి. మీ అబ్బాయి చేత పెట్టించండి, వాడికీ బాధ్యత తెలుస్తుంది. లోపలికి కుదరకపోయినా బయట నుంచి చూడండి, పైన కిటికీలు చూడండి. కింద అమ్మకాలు జరుగుతుంటే పైన అద్దె గదిలో దీపం పెట్టుకుని, ఎక్కువమందికి ఇరవై ఏళ్ళు దాటాయో లేదో, కూర్చుని నియమావళి రాసుకున్నారు. ఈ రోజు స్తంభాలతో, లాన్‌తో కనిపించే ఫ్రెటర్నిటీ బంగళాలకి మొదట్లో ఉన్నది ఇంతే.

అక్కడి నుంచి క్యాంపస్‌లోకి నడిచే దూరమే. ఎలియట్ హాల్ ముందు నిలబడండి, పక్కనే దాని జోడీ స్టోడార్డ్ హాల్ ఉంటుంది, అది 1836 నాటిది. రెండూ పిల్లలుండే హాస్టళ్ళు కాబట్టి తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోకండి, మనవాళ్ళు కొంతమంది ఫొటో కోసం అలా వెళ్తారు, అది బాగోదు. బీటా థీటా పై పుట్టిన హాలున్న ఓల్డ్ మెయిన్ మాత్రం ఇప్పుడు లేదు, 1958లో కూల్చేశారు, ఆ స్థలంలో హారిసన్ హాల్ కట్టారు. మంచుతో నింపింది, లిటరరీ సొసైటీలు వాదించుకుంది, 1906లో ఫై కప్పా టౌ అనే ఇంకో ఫ్రెటర్నిటీ మొదలైంది అన్నీ ఆ ఓల్డ్ మెయిన్‌లోనే. ఆ బిల్డింగ్ ఉంచి ఉండాల్సింది అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, వాళ్ళకి అప్పట్లో ఖర్చు, భద్రత లెక్కలు ఉండి ఉంటాయి కానీ ఒకసారి కూల్చాక ఏం చేసినా రాదు కదా. బీటా వాళ్ళు తమ నూరేళ్ళ గుర్తుగా ఇచ్చిన గంటల స్తంభం క్యాంపస్‌లో ఉంది, పావుగంటకోసారి మోగుతుంది, మీకు దారి తెలియకపోయినా ఆ శబ్దం పట్టుకుని వెళ్ళొచ్చు. 1902లో పుట్టిన డెల్టా జీటా అనే అమ్మాయిల సంఘం కూడా ఈ ఊరిదే. ఇన్ని పుట్టాయి కాబట్టే మయామిని ఫ్రెటర్నిటీల తల్లి అంటారు.

ఎందుకు ఇక్కడే అని అడిగారు కదా. నాకు తెలిసినంతలో కారణం ఇది. తూర్పు నుంచి వచ్చిన సంఘాలు ఇక్కడికి చేరేటప్పటికి ఇది పశ్చిమాన పెద్ద కాలేజీ, లిటరరీ సొసైటీల్లో పోటీ గట్టిగా ఉంది, పెద్దల పట్టు గట్టిగా ఉంది, కుర్రాళ్ళకి పోవడానికి ఇంకో చోటు లేదు. నచ్చనివాళ్ళు వేరే ఊరు వెళ్ళలేక అదే వీధిలో ఇంకో గదిలో కొత్త సంఘం పెట్టుకున్నారు. ఇక్కడ డిగ్రీ తీసుకున్నవాళ్ళలో పాస్టర్లు, టీచర్లు, లాయర్లు అయినవాళ్ళు ఎక్కువ, వాళ్ళు ఇండియానా, ఇల్లినాయ్, కెంటకీ ఎక్కడికి వెళ్తే అక్కడి కాలేజీల్లో తమ చాప్టర్ పెట్టించారు. 1873లో డబ్బుల్లేక మయామి కాలేజీయే మూతపడింది, 1885 దాకా తెరవలేదు, ఆ పన్నెండేళ్ళూ తల్లి కాలేజీ లేకపోయినా ఈ ఫ్రెటర్నిటీలు వేరే ఊళ్ళలో పెరుగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు భయపడాలా అన్న దాని గురించి. నేను తియ్యగా చెప్పను.

అర్హత ఉన్నవాడికే ఓటేస్తాం అని పుట్టిన సంఘమే తర్వాత ఆ మాట మర్చిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా నేషనల్ ఫ్రెటర్నిటీలు తెల్లవాళ్ళకే, క్రైస్తవులకే అన్న రూల్ రాసి పెట్టుకున్నాయి. 1953లో విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ కాలేజీల్లో ఫై డెల్టా థీటా చాప్టర్లు యూదు పిల్లల్ని చేర్చుకున్నందుకు పైవాళ్ళు ఆ చాప్టర్లని సస్పెండ్ చేశారు. 1965లో స్టాన్‌ఫర్డ్‌లో సిగ్మా కై చాప్టర్ ఒక నల్లజాతి కుర్రాణ్ణి చేర్చుకుంది, దాన్నీ సస్పెండ్ చేశారు. దీనికి ఏడాది ముందు, 1964 జూన్‌లో, ఇదే ఆక్స్‌ఫర్డ్ ఊళ్ళో, వెస్టర్న్ కాలేజీ అనే ఆడపిల్లల కాలేజీ క్యాంపస్‌లో, మిసిసిపీలో నల్లవాళ్ళ చేత ఓటు నమోదు చేయించడానికి వెళ్ళే వందలమంది కుర్రాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చారు, వాళ్ళలో ముగ్గురిని మిసిసిపీలో చంపేశారు. ఆ ఓటు నమోదు ఉద్యమాన్నే ఫ్రీడమ్ సమ్మర్ అంటారు. ఆ క్యాంపస్ ఇప్పుడు మయామిలో భాగం, అక్కడ ఫ్రీడమ్ సమ్మర్ స్మారకం ఉంది. మీరు హై స్ట్రీట్ గది చూసిన రోజే అది కూడా చూడండి, మీ అబ్బాయిని తప్పకుండా తీసుకెళ్ళండి. మన పిల్లలు ఈ రోజు ఆ సంఘాల తలుపు తట్టగలుగుతున్నారంటే ఆ తలుపులు ఊరికే తెరుచుకోలేదు.

రెండోది హేజింగ్, అంటే కొత్తగా చేరేవాళ్ళని పెట్టే బాధ, మన ర్యాగింగ్ లాంటిదే కానీ ఇక్కడ మందు ఎక్కువ. 2017లో పెన్ స్టేట్‌లో బీటా థీటా పై ఇంట్లో ఒక కుర్రాడు, అదే ఏడాది లూసియానాలో ఫై డెల్టా థీటా దగ్గర ఇంకో కుర్రాడు, కొత్తగా చేరుతూ బలవంతపు తాగుడుతో చనిపోయారు. రెండూ ఈ ఊళ్ళో పుట్టిన సంఘాలే, ఆ మాట దాచి మీకు గదులు మాత్రమే చూపిస్తే తప్పు చేసినవాణ్ణవుతాను. ఆ తర్వాత చాలా మారింది. ఒహాయోలో కొలిన్స్ లా అని 2021లో చట్టం వచ్చింది, బలవంతంగా తాగించడం లాంటి హేజింగ్ ఇప్పుడు ఇక్కడ జైలుకెళ్ళే నేరం. 2024 డిసెంబరులో దేశం మొత్తానికి ఇంకో చట్టం వచ్చింది, కాలేజీలు తమ దగ్గర ఏ సంఘం మీద ఏ హేజింగ్ కేసు తేలిందో బయటపెట్టాలి. ఫై డెల్టా థీటా అయితే 2000 నుంచి ఇళ్ళలో మద్యం లేకుండా రూల్ పెట్టింది, రూల్ ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా పాటిస్తున్నారని కాదు, లూసియానా సంగతి చూశారుగా.

కాబట్టి మీ అబ్బాయిని చేరొద్దు అని ఫోన్‌లో అరవకండి, అరిస్తే చెప్పకుండా చేరతాడు. మయామిలో రిక్రూట్‌మెంట్ మామూలుగా స్ప్రింగ్ సెమిస్టర్‌లో, అంటే మొదటి నాలుగు నెలలు చూసుకోవడానికి టైముంది. ఆ టైములో యూనివర్సిటీ పేజీలో ఏ చాప్టర్ ఇప్పుడు గుర్తింపుతో నడుస్తోంది, దేని మీద చర్యలున్నాయి అన్నది వాడే వెతికి మీకు చూపించాలని చెప్పండి. పేరు చూసి చేరకూడదు, ఒకే పేరు మీద ఒక కాలేజీలో మంచి చాప్టర్ ఉంటుంది, ఇంకో కాలేజీలో మూసేసింది ఉంటుంది. సెమిస్టర్‌కి ఎంత కట్టాలో, ఇంట్లో ఉండటం తప్పనిసరా, మానేస్తే ఏమవుతుంది అన్నది రాతలో తీసుకోమనండి. అన్నిటికంటే ముఖ్యం, చేరాక వాళ్ళు చెప్పిన పని తప్పనిపిస్తే కాదని చెప్పగలడా అన్నది ఇంట్లో ఇప్పుడే మాట్లాడండి. రంకల్ కథ వాడికి తెలిసే ఉంటుంది, సిగ్మా కై వాళ్ళు చేరేటప్పుడు ముందు చెప్పేది అదే. అప్పుడు అడగండి, ఆ రోజు బల్ల దగ్గర నువ్వుంటే లేచేవాడివా, కూర్చునేవాడివా అని. వాడు చెప్పే జవాబుని బట్టి మీకు చాలా తెలుస్తుంది.

దారి సంగతి కూడా చెప్పేస్తాను. సిన్సినాటి ఎయిర్‌పోర్టులో దిగితే అది కెంటకీలో ఉంటుంది, కంగారు పడకండి, అక్కడి నుంచి రూట్ 27 పట్టుకుంటే నేరుగా ఆక్స్‌ఫర్డ్. హాస్టల్లో దింపే రెండు మూడు రోజులు ఊరంతా కార్లే, హై స్ట్రీట్ మీద పార్కింగ్ దొరకదు, హోటళ్ళు నెలల ముందే నిండిపోతాయి, ఇప్పుడే బుక్ చేసుకోండి, దొరక్కపోతే హామిల్టన్‌లో చూడండి, దగ్గరే. ఒకరోజు ముందు రాగలిగితే సాయంత్రం పూట ఇవన్నీ నడిచి చూసేయొచ్చు. డేట్లు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారం నేను ఊళ్ళోనే ఉంటే వచ్చి తిప్పి చూపిస్తా.